చంటిబిడ్డతో చౌరస్తాకు: చెన్నై నుంచి పెనాంగ్ అంగళ్ళ దాకా

పెనాంగ్ ద్వీపంలోని జార్జ్ టౌన్‌లో ఒక పాత మార్కెట్ పేరు చౌరస్తా. మలేసియా వాళ్ళకు అది ఎప్పుడో సముద్రం దాటి వచ్చి స్థిరపడిన ఉర్దూ మాట. మనకు మాత్రం నాలుగు దారులు కలిసే చోటు, బస్సు దిగి నిలబడే చోటు. జార్జ్ టౌన్ అన్న పేరు కూడా చెన్నైలో ఉన్న తెలుగువాళ్ళకు కొత్తది కాదు. కొత్వాల్ చావడి ఉన్న మన జార్జ్ టౌన్‌కు 1911లో ఐదవ జార్జి పేరు పెట్టారు. పెనాంగ్‌లోని జార్జ్ టౌన్, 1786లో ఫ్రాన్సిస్ లైట్ అక్కడ దిగిన కాలం నుంచీ మూడవ జార్జి పేరు మోస్తోంది. బంగాళాఖాతానికి ఈ ఒడ్డున ఒకటి, ఆ దరిని ఒకటిగా ఈస్టిండియా కంపెనీ నిలబెట్టిన ఈ రెండు రేవు పట్టణాల మధ్య రాకపోకలు పాతవే అయినా, 2024 డిసెంబరులో ఇండిగో నేరుగా విమానం మొదలుపెట్టే ముందు మనవాళ్ళు కౌలాలంపూర్‌లోనో సింగపూర్‌లోనో విమానం మారవలసి వచ్చేది. చంటిబిడ్డ ఉన్న కుటుంబానికి ఇది చిన్న తేడా కాదు.

చెన్నైలో కాపురముంటున్న మా చెల్లెలు, మరిది తమ తొమ్మిది నెలల పాపతో పెనాంగ్ వెళ్ళాలనుకొని నన్నూ తోడు రమ్మన్నారు. వాళ్ళకు గుళ్ళకన్నా, సముద్రతీరాలకన్నా మార్కెట్లంటే ఇష్టం. బయలుదేరే ముందు మా చెల్లెలు తన భయాలన్నీ ఒక కాగితం మీద రాసింది. విమానంలో ఏడుపు, చెవి పోటు, భద్రతా తనిఖీలో పాలు పారబోయిస్తారేమోనన్న అనుమానం, మార్కెట్‌లో మురికి. తిరిగి వచ్చాక ఆ కాగితం తీసి చూస్తే, అందులో ఉన్నవేవీ మమ్మల్ని పెద్దగా ఇబ్బంది పెట్టలేదు, ఇబ్బంది పెట్టినవేవీ అందులో లేవు. బిడ్డతో పరదేశపు సంత చూడటమన్న వ్యవహారంలో చిక్కంతా ఇక్కడే ఉంది. మనం విమానాన్ని చూసి భయపడతాం గాని, లెక్క చూసుకోవలసింది పేరు, పొద్దు, నీడ, నీళ్ళు.

మొదట పేరు సంగతి. భారతదేశంలో పసిబిడ్డకైనా విడిగా పాస్‌పోర్టు ఉండాలి. తల్లి పాస్‌పోర్టులో బిడ్డ పేరు చేర్చే రోజులు ఎప్పుడో పోయాయి. పదిహేనేళ్ళ లోపు పిల్లల పాస్‌పోర్టు ఐదేళ్ళే చెల్లుతుంది. రుసుము 1000 రూపాయలు, ఎనిమిదేళ్ళ లోపు పిల్లలకు అందులో 10 శాతం తగ్గింపు. చెన్నైలో సాలిగ్రామం, అమింజికరై, తాంబరం సేవా కేంద్రాల్లో ఎక్కడైనా సమయం తీసుకోవచ్చు; నాలుగేళ్ళ లోపు పిల్లలకు ఫొటో మనమే తీయించుకొని వెళ్ళాలి. తల్లిదండ్రులిద్దరి సమ్మతిని తెలిపే అనుబంధం-డి పత్రం జతచేయాలి. ఇంతవరకు తేలికే. 2023 అక్టోబరు 1 తరువాత పుట్టిన వాళ్ళకు పుట్టిన తేదీకి ఆధారంగా జనన ధ్రువీకరణ పత్రం ఒక్కటే చెల్లుతుంది కనుక, ఆ కాగితంలో లోపముంటే ప్రయాణం అక్కడే ఆగుతుంది.

మన ఇళ్ళలో ఆ కాగితంలో లోపముండటం ఎంత సహజమో చూడండి. పురుడు పుట్టింట్లో జరుగుతుంది. మా చెల్లెలి పురుడు నెల్లూరులో జరిగింది. జననాన్ని 21 రోజుల లోపు నమోదు చేయాలన్నది చట్టం, ఆసుపత్రి వారు వెంటనే చేసేస్తారు. బారసాల 21వ రోజున. అంటే ఆసుపత్రి నుంచి వివరాలు వెళ్ళేనాటికి బిడ్డకు పేరే లేదు. పత్రం పేరు లేకుండానే వస్తుంది. పేరు చేర్పించుకోవడం ఏడాది లోపు ఉచితం, ఆ తరువాత 15 ఏళ్ళ వరకు ఆలస్య రుసుముతో వీలవుతుంది. అయితే ఏ పేరు చేర్పించాలన్నది అసలు ప్రశ్న. మా మరిది తెలుగువాడే అయినా చెన్నైలో చదువుకున్నాడు కాబట్టి, బడి రికార్డులో ఆయన ఇంటిపేరు మాయమై, తండ్రి పేరులోని మొదటి అక్షరం ఇనిషియల్‌గా నిలిచింది. పాస్‌పోర్టు దరఖాస్తులో ఇనిషియళ్ళు కుదరవు, విడమరచి రాయాలి. అందువల్ల ఆయన పాస్‌పోర్టులో ఇంటిపేరు ఉండవలసిన చోట ఆయన తండ్రి పేరుంది. నెల్లూరు పత్రంలో పాప పేరుకు ముందు అసలైన ఇంటిపేరు వేయించారు మావాళ్ళు. దీనికి తోడు పేరు ఇంగ్లీషు స్పెల్లింగులో ఒక అక్షరం తేడా పడి, ఒక కార్యాలయానికి మేము రెండుసార్లు తిరగవలసి వచ్చింది. తప్పు వాళ్ళదో మాదో ఇప్పటికీ ఇంట్లో వాదన నడుస్తూనే ఉంది. చెన్నై తెలుగు కుటుంబాలకు నేను చెప్పేది ఒకటే: బారసాల నాడు బియ్యంలో పేరు రాసేటప్పుడే, పాస్‌పోర్టులో ఆ పేరు ఏ గడిలో ఏ స్పెల్లింగుతో ఉండాలో కూడా తేల్చుకోండి.

మలేసియాలో ప్రవేశానికి 2023 డిసెంబరు 1 నుంచి భారతీయులకు 30 రోజుల వరకు వీసా అక్కరలేదు. అది గడువు పెట్టి పొడిగిస్తూ వస్తున్న సడలింపు కనుక టికెట్టు కొనే ముందు ఒకసారి సరిచూసుకోవాలి. చేరడానికి మూడు రోజుల లోపు ఆన్‌లైన్‌లో నింపవలసిన డిజిటల్ రాక పత్రం మాత్రం పాపకూ విడిగా నింపాలి. పాస్‌పోర్టుకు ఇంకా ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి.

విమానం గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. రెండేళ్ళ లోపు బిడ్డ ఒళ్ళో కూర్చుంటుంది. తిరుగు ప్రయాణానికి ముందే రెండేళ్ళు నిండితే ఆ ప్రయాణానికి సీటు కొనాలి. 2006లో లండన్‌లో బయటపడిన, ద్రవ పేలుడు పదార్థాలతో విమానాలను కూల్చే కుట్ర తరువాత, చేతి సంచిలో ద్రవాలు 100 మిల్లీలీటర్లకు మించకూడదని వచ్చిన నిబంధన నుంచి పసిపిల్లల పాలకు, ఆహారానికి మినహాయింపు ఉంది, అడిగితే తనిఖీకి తీసి చూపించాలి, అంతే. ముక్కు వెనుక నుంచి చెవిలోకి వెళ్ళే నాళం పసివాళ్ళలో సన్నగా, పొట్టిగా ఉంటుంది. విమానం దిగేటప్పుడు గాలి ఒత్తిడి మారి నొప్పి పుడుతుంది. మింగితే ఆ నాళం తెరుచుకుంటుంది. కాబట్టి దిగుతున్నామని ప్రకటన వచ్చినప్పుడు పాలు పట్టాలి గాని ఎక్కీ ఎక్కగానే కడుపు నింపేయకూడదు. మా అమ్మ కట్టిచ్చిన ఉగ్గు పిండి పొట్లాల మీద ఏమిటో రాసి అంటించాం. చీటీ లేని తెల్లటి పొడి ఏ దేశపు విమానాశ్రయంలోనైనా అనవసరమైన సంభాషణకు దారి తీస్తుంది. ఎవరైనా దుబాయ్ మీదుగా వెళ్తుంటే మసాలా డబ్బాలో గసగసాలు లేకుండా చూసుకోవాలి, అవి అక్కడ నిషిద్ధం.

ఇక పొద్దు. మలేసియా గడియారం మన గడియారం కన్నా రెండున్నర గంటలు ముందుంటుంది. చెన్నైలో రాత్రి ఎనిమిదిన్నరకు పడుకొని ఉదయం ఆరింటికి లేచే మా పాప లెక్క ప్రకారం పెనాంగ్‌లో రాత్రి పదకొండింటికి పడుకొని ఉదయం ఎనిమిదిన్నరకు లేవాలి. బిడ్డను ఆ ఊరి వేళకు అలవాటు చేయాలని, రోజుకు అరగంట చొప్పున నిద్ర జరపాలని చాలామంది సలహా చెబుతారు. కానీ ఆ సలహా గడియారాన్ని చూసి చెప్పేది, సూర్యుణ్ణి చూసి చెప్పేది కాదు. మలేసియా ద్వీపకల్పం 1982 జనవరి 1న తన గడియారాన్ని అరగంట ముందుకు జరిపి, తూర్పున బోర్నియోలో ఉన్న సాబా, సారవాక్‌ల వేళతో కలుపుకుంది. దేశమంతటికీ ఒకే వేళ కావాలన్న పరిపాలనా నిర్ణయమది. ఫలితంగా దేశానికి పడమటి కొసన ఉన్న పెనాంగ్‌లో గడియారం సూర్యుడి కన్నా చాలా ముందు నడుస్తుంది. తెల్లవారేసరికి ఏడు దాటుతుంది. సూర్యుడు నడినెత్తికి వచ్చేది మధ్యాహ్నం ఒకటీ ఇరవై ప్రాంతంలో.

లెక్క వేసి చూస్తే సంగతి తేటపడుతుంది. చెన్నై 80 డిగ్రీల రేఖాంశానికి దగ్గరగా, పెనాంగ్ 100 డిగ్రీలకు దగ్గరగా ఉన్నాయి. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున రెండు ఊళ్ళ పొద్దుల మధ్య తేడా 80 నిమిషాలే, గడియారాల మధ్య తేడా మాత్రం 150 నిమిషాలు. కొన్ని నెలలు నిండిన బిడ్డ ఒంటికి నిద్రవేళ నేర్పేది వెలుతురే. అందువల్ల పాప ఒళ్ళు సర్దుకోవలసింది 80 నిమిషాలకే. మిగతా 70 నిమిషాలు గోడ మీది గడియారానికి సంబంధించినవి. సర్దుకున్న తరువాత ఆమె రాత్రి దాదాపు తొమ్మిదీ నలభైకి పడుకొని, ఉదయం ఏడూ పదికి, సూర్యోదయంతో పాటు లేస్తుంది. పడుకోవడం ఆలస్యమవుతోందని తల్లి కంగారు పడనక్కరలేదు, ఆ ఊరి పొద్దుకు అదే సరైన వేళ.

ఏ మార్కెట్‌కు ఎప్పుడు వెళ్ళాలో ఈ లెక్కే చెబుతుంది. పెనాంగ్‌లో రెండు రకాల సంతలున్నాయి. పసార్ పాగి అంటే ఉదయపు సంత, కూరగాయలకు, చేపలకు, మాంసానికి. పసార్ మాలమ్ అంటే రాత్రి సంత. వారంలో ఒక్కో రోజు ఒక్కో పేటలో పెడతారు, బట్టలు, బొమ్మలు, అక్కడికక్కడే వండి పెట్టే తిండి దొరుకుతాయి. మొదటి రెండు రోజులూ పాప ఇంకా చెన్నై వేళలోనే ఉండి ఎనిమిదిన్నరకు లేస్తుంది, స్నానం, పాలు అయ్యేసరికి పది. అప్పటికి ఉదయపు సంతలో మంచి చేప మిగలదు, నేలంతా నీళ్ళు, ఎండ మొదలు. అదే రాత్రి ఏడున్నరకైతే పాపకు అది చెన్నై సాయంత్రం ఐదు, ఆడుకునే వేళ. కాబట్టి మొదటి రెండు రోజులు రాత్రి సంత, మూడో రోజు నుంచి ఉదయపు సంత. మేము తెలియక తలకిందులుగా చేశాం. మొదటి ఉదయమే పాపను ఏడింటికి లేపి చౌరస్తాకు తీసుకువెళ్ళాం. చెన్నై లెక్కన అది తెల్లవారుజాము నాలుగున్నర. కొబ్బరి తురిమే యంత్రం పక్కన నిలబడి పాప ఏడ్చిన ఏడుపుకు అవతలి వరుసలో చేపలమ్మే ఆవిడ లేచి వచ్చి చూసింది.

నడక సంగతి చూస్తే, జార్జ్ టౌన్ పాత పేటలో దుకాణాల ముందు పొడుగునా కప్పు ఉన్న నడవా ఉంటుంది. మలయ్ భాషలో దాన్ని కాకీ లీమా అంటారు, అంటే ఐదడుగులు. వెడల్పును బట్టి వచ్చిన పేరు. మన పాత ఇళ్ళ అరుగులన్నీ వీధి పొడుగునా కలిపేస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. ఎండకూ వానకూ అంత చల్లని నీడ మరొకటి లేదు. కానీ ఒక్కో దుకాణం ముందు ఒక్కో ఎత్తు, మధ్యలో మెట్టు, మెట్టు పక్కన మోటారు సైకిలు, ఆ వెనుక ధూపం వెలిగే చిన్న పూజాపీఠం. మా మరిది ఎంతో ముచ్చటపడి కొన్న తోపుడు బండిని వంద అడుగులకు ఒకసారి ఎత్తి దించవలసి వచ్చింది. రెండో రోజు నుంచి బండి హోటల్ గదిలోనే ఉండిపోయింది, పాప ఆయన రొమ్ముకు కట్టుకున్న బేబీ క్యారియర్‌లోకి మారింది. క్యారియర్‌లో చూసుకోవలసినవి రెండు: గడ్డం రొమ్ముకు ఆనుకుపోకుండా రెండు వేళ్ళ సందు ఉండాలి, మోకాళ్ళు పిరుదుల కన్నా పైన, కప్ప కూర్చున్నట్టు ఉండాలి. తోపుడు బండే వాడేవాళ్ళు ఎండ తగలకుండా దాని మీద చున్నీ కప్పకూడదు. నీడ ఇస్తున్నామనుకుంటాం గాని లోపల గాలి ఆడక వేడి పెరిగిపోతుంది.

పెనాంగ్ భూమధ్యరేఖకు ఐదు డిగ్రీల పైన ఉంది. మే నెల చెన్నై ఎండను చూసినవాళ్ళకు అక్కడి 32 డిగ్రీలు లెక్కలోకి రావు. మేమూ అలాగే అనుకున్నాం. అయితే గాలిలో తేమ ఎక్కువ కావడం వల్ల చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. పెద్దవాళ్ళ కన్నా పసివాళ్ళకు ఇది త్వరగా తగులుతుంది. పాప మెడ వెనుక చెయ్యి పెట్టి చూడటం, పాలు మామూలు కన్నా ఎక్కువసార్లు పట్టడం, పన్నెండు నుంచి మూడు దాకా గదిలో ఉండటం సరిపోయాయి. సూర్యుడు నడినెత్తికి వచ్చేది ఒకటీ ఇరవైకి అని ముందే చెప్పాను. పాప మధ్యాహ్నపు నిద్ర కూడా సరిగ్గా ఆ వేళకే పడింది.

నీళ్ళ దగ్గర ఒక పొరపాటు అవగాహన చాలా ఇళ్ళలో ఉంది. దాన్ని కొంచెం వివరంగా చెప్పాలి. డబ్బా పాలు కలపడానికి నీళ్ళు కాచేది నీళ్ళలోని క్రిములు చావడానికని అనుకుంటాం. అది సగం నిజమే. పాలపొడి తయారీలో పూర్తిగా క్రిమిరహితం కాదు. క్రోనోబాక్టర్ అనే సూక్ష్మజీవి అరుదుగానైనా పొడిలోనే ఉండవచ్చు. దాన్ని చంపడానికే కాచిన నీళ్ళు 70 డిగ్రీల వేడి తగ్గకముందే పొడి కలపాలని, ఆ తరువాత చల్లార్చి పట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అంటే కాచి చల్లార్చిన శుభ్రమైన గోరువెచ్చని నీళ్ళు ఈ పనికి రావు. చౌరస్తాలో మాకు సరిగ్గా ఇదే ఎదురైంది. మేము సీసా తీయడం చూసి, కాఫీ దుకాణం పెద్దాయన అడక్కుండానే ఒక గాజు గ్లాసులో ‘ఆయర్ సువామ్’ తెచ్చి పెట్టాడు. ఆయర్ అంటే నీళ్ళు, సువామ్ అంటే గోరువెచ్చన. పొద్దున కాచినవేనని సైగ చేసి చెప్పాడు. మా చెల్లెలు ఆ గ్లాసు అందుకొని, థాంక్స్ చెప్పి, తాను తాగేసి, ‘ఆయర్ పానాస్’ కావాలని అడిగింది. పానాస్ అంటే వేడి. పొగలు కక్కే నీళ్ళు వచ్చాయి. ఎవరి మర్యాదకూ లోటు రాలేదు. కలిపిన పాలు రెండు గంటల్లో వాడెయ్యాలి, బిడ్డ తాగి వదిలేసినవి పారబోయాలి. తల్లిపాలు తాగే బిడ్డకైతే ఈ గొడవేదీ లేదు, ఆరు నెలలు నిండని బిడ్డకు అంత ఎండలోనైనా విడిగా నీళ్ళు అక్కరలేదు.

తిండి విషయంలో మార్కెట్ అనుకున్నంత ప్రమాదమైన చోటేమీ కాదు. అక్కడ మన కళ్ళ ముందే వండుతారు, గిన్నెలోంచి పొగ వస్తుంటుంది. హోటల్ బఫేలో గంటల తరబడి గోరువెచ్చగా కూర్చున్న ఇడ్లీ కన్నా అదే నయం. ‘బుబుర్’ అనే బియ్యపు జావ ప్రతి పేటలోనూ దొరుకుతుంది. మన గంజికి దూరపు చుట్టమే. అయితే అది ఉత్త నీళ్ళతో కాచారో, కోడి మాంసపు రసంతో కాచారో అడిగి తెలుసుకోవాలి. మిరప పచ్చడి సంబల్‌లో ‘బెలాచాన్’ అనే రొయ్యల ముద్ద ఉంటుంది; అంతకు ముందెన్నడూ రొయ్య తినని బిడ్డకు పరాయి ఊళ్ళో, రాత్రి పూట, మొదటిసారి దాన్ని రుచి చూపించడం మంచిది కాదు. మనం ఒలిచిన అరటిపండు మేలు, వాళ్ళు కోసిపెట్టిన బొప్పాయి వద్దు, తురిమిన ఐసు వద్దు. తేనె అసలే వద్దు: అందులో ఉండగల బొటులినం అనే సూక్ష్మజీవి బీజాలను ఏడాది నిండని పేగు తట్టుకోలేదు. మలయ్ భాషలో తేనెను ‘మాదు’ అంటారు, మన మధువే. సీసా మీద ఆ పేరు చూసి మురిసిపోయి కొన్నాం గాని, అది పెద్దవాళ్ళ దోసెల మీదికే.

చేతుల గురించి తల్లులు జేబులో శానిటైజర్ పెట్టుకొని నిశ్చింతగా ఉంటారు. ఆ ప్రాంతంలో పిల్లలకు తరచుగా వచ్చే చెయ్యి, పాదం, నోటి పుండ్ల జబ్బును కలిగించే వైరస్‌ల మీద ఆల్కహాల్ అంతగా పనిచేయదు. సబ్బు, నీళ్ళు పనిచేస్తాయి. కాబట్టి సంతలో ముందు కనుక్కోవలసింది చేతులు కడుక్కునే కుళాయి ఎక్కడుందని. డెంగ్యూ దోమ పగటి పూటే కుడుతుంది, పొద్దునా సందె వేళా మరీ ఎక్కువ. క్యారియర్ మీద వేసే సన్నటి దోమతెర వెయ్యి మందుల పెట్టు. తట్టు రుబెల్లా టీకా మొదటి మోతాదు మన దేశంలో తొమ్మిది నెలలు నిండాక వేస్తారు. దాని రక్షణ ఏర్పడటానికి రెండు వారాలు పడుతుంది కనుక ప్రయాణం తేదీ దాన్ని బట్టి పెట్టుకోవాలి. ఇంకా చిన్న బిడ్డయితే ముందస్తు మోతాదు గురించి పిల్లల డాక్టరును అడగాలి. ఓఆర్ఎస్ పొట్లాలు నాలుగు సంచిలో ఉండాలి. మాకు వాటి అవసరం రాలేదు.

బేరం గురించి ఒక్క మాట. తిండికి, కూరగాయలకు బేరం ఉండదు. రాత్రి సంతలో గౌన్లకు, బొమ్మలకు ఉంటుంది, అదీ కోయంబేడులో మనం ఆడే బేరం కాదు, మెత్తగా ఒకటి రెండుసార్లు అడగడమే. తూకం కిలోల్లోనే ఉన్నా పాత అమ్మకందార్ల నోట ‘కాతీ’ వినిపిస్తుంది. అది దాదాపు 600 గ్రాములు. చెన్నై తెలుగువాళ్ళకు ఇక్కడ ఒక వెసులుబాటు ఉంది. లెబూ పసార్, అంటే మార్కెట్ వీధి, చుట్టూ ఉన్న పేటలో దుకాణదారులు చాలామంది తమిళం మాట్లాడతారు. దుకాణానికి మలయ్ మాట ‘కెడై’ కూడా తమిళ ‘కడై’ నుంచి వెళ్ళిందే. మలయా వాళ్ళు మనవాళ్ళను ఒకప్పుడు ‘కెళింగ్’ అనేవారు. అది కళింగం నుంచి వచ్చిన మాట, మన తీరం పేరు. వినగానే ఆప్యాయత పుట్టినా, ఇప్పుడది అక్కడి భారతీయులను నొప్పించే తిట్టుగా మారింది కనుక మన నోట రాకూడదు.

బిడ్డ చంకలో ఉంటే బేరం ఎలాగూ సాగదు, ఎందుకంటే ఎదుటివాళ్ళు సరుకు వదిలి బిడ్డను చూస్తారు. చెయ్యి చాపి బుగ్గ పట్టుకుంటారు. కసురుకోవలసిన పని లేదు. పాప పాదం ముందుకు పెడితే పాదమే ముట్టుకుంటారు, ముఖం జోలికి రారు. ఈ ఉపాయం మా మరిది కనిపెట్టాడు. చౌరస్తాలో ఊరబెట్టిన పళ్ళ దుకాణాల వరుసలో ఒక పెద్దావిడ పాప పొట్ట తడిమి చూసి, గాలి చేరిందని తేల్చి, ‘మిన్యాక్ ఆంగిన్’ సీసా ఒకటి తీసింది. ఆంగిన్ అంటే గాలి, మిన్యాక్ అంటే నూనె. పెనాంగ్ జాజికాయకు పేరు మోసిన చోటు కాబట్టి ఆ వరుసంతా జాజికాయ నూనెలు, లేపనాలు, ఉప్పులో చక్కెరలో ఊరిన జాజి తొక్కలు. మా అమ్మ కూడా బయలుదేరే ముందు ఫోన్ చేసి, మంచి జాజికాయలు దొరుకుతాయట, పాపకు వసతో పాటు అరగదీసి పెట్టవచ్చు, నాలుగు తెమ్మని చెప్పింది. సముద్రానికి అటు ఒక అమ్మమ్మ, ఇటు ఒక అమ్మమ్మ, పాప పొట్ట మీద ఒకే అభిప్రాయానికి వచ్చారు. కర్పూరం, మెంథాల్ కలిసిన ఘాటు నూనెలు రెండేళ్ళ లోపు పిల్లలకు రాయకూడదు. జాజికాయలో ఉండే మిరిస్టిసిన్ అనే రసాయనం మోతాదు మించితే పెద్దవాళ్ళకే మత్తు తెస్తుంది, పసివాళ్ళకు అరగదీసి నాకించడాన్ని డాక్టర్లు ఒప్పుకోరు. ఈ మాట అక్కడ ఆవిడకు తమిళంలో చెప్పడం తేలికైంది. ఇక్కడ అమ్మకు తెలుగులో చెప్పడానికి నాలుగు రోజులు పట్టింది.

తిరిగి వచ్చేటప్పుడు మొక్కలు, మొలకెత్తే గింజలు అనుమతి లేకుండా తేకూడదన్నది మొక్కల క్వారంటైన్ నిబంధన. అందుకని మేము జాజికాయ గింజలు కొనలేదు. ఊరబెట్టిన తొక్కల సీసా రెండు పొరల కవర్లో చుట్టి చెకిన్ సూట్‌కేసులో పెట్టాం, అందులో ద్రవం ఉంది కనుక. పెద్దవాళ్ళకు ఉండే సుంకం లేని సరుకు పరిమితి పసిబిడ్డకు ఉండదు, పాప పేరిట తెచ్చుకోదగినవి ఆమె వాడిన వస్తువులు మాత్రమే. ముగ్గురమే అనుకొని కొన్నాం. చెన్నైలో దిగేసరికి రాత్రి అయింది. పాప ఒంట్లో ఇంకా పెనాంగ్ పొద్దే ఉండటంతో మరునాడు నాలుగున్నరకే లేచి కూర్చుంది. అమ్మ అప్పటికే లేచి ఉంది. సీసా మూత తీసి, ఒక తొక్క నోట్లో వేసుకొని, పాపను ఒళ్ళోకి తీసుకొని, ఇందులో గింజ ఏదని అడిగింది.